ముసలి సింహం, ఖర్చు తొమ్మిది

ఆ ఇల్లాలికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకి ప్రపంచంలో ప్రతిదీ బాగుంటుంది. కూర మాడినా బాగుంటుంది, మాడకపోయినా బాగుంటుంది. కొత్త కర్టెన్లు ఎలా ఉన్నాయండీ అని అడిగితే పక్కగదిలోని పాత కర్టెన్ల వైపు చూస్తూ బాగున్నాయంటాడు. పళ్ళ డాక్టరు ఒక పన్ను పీకబోయి పక్క పన్ను పీకితే, "చెయ్యి చాలా తేలికండీ మీది" అని మెచ్చుకుని మరీ వచ్చాడు. మొగుడు తాగుతాడనో తిడతాడనో చెప్పుకుంటే అయ్యో అనేవాళ్ళుంటారు. అన్నీ బాగున్నాయంటాడని ఏడిస్తే ఎవరు వింటారు?

ఆ రోజు పొద్దున్న ఆవిడ భోజనాల బల్ల మీద కార్డులు పరుచుకుని కూర్చుంది. పేకముక్కలు కావు. ఒక్కో కార్డు మీద ఒక్కో జంతువు బొమ్మ, దాని బలం, దాని ఖర్చు అచ్చయి ఉంటాయి. ఖర్చంటే డబ్బు కాదు. ఆటలో వంతు వచ్చినప్పుడల్లా కొంత శక్తి చేతికొస్తుంది. అది ఖర్చుపెట్టి జంతువుని బల్ల మీదికి దించాలి. దిగిన జంతువు ఆ ఖర్చుకి తగ్గ పని చేస్తే సరే, లేకపోతే దాన్ని మన కట్టలోంచి తీసి పారెయ్యాలి. ఈ ఆట ఆవిడకి నేర్పింది ఆడపడుచు. నేర్చుకున్న పాపానికి మూడుసార్లు చిత్తుగా ఓడించి, "వదినా, నీకు జంతువుల మీద జాలి ఎక్కువ. పనికిరానివన్నీ ఇంట్లో పెట్టుకుని మేపుతున్నావు" అని కూడా అంది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి కార్డుల దుకాణంలో పోటీ. ఎవరి కట్టలో ఏముందో జాబితా ముందే రాసివ్వాలి. ఇవాళ జాలన్నది లేకుండా రాయాలని ఇల్లాలు పెన్సిలు చెక్కుకుని కూర్చుంది.

"ముళ్ళపంది. ఖర్చు నాలుగు," అని పైకి చదివింది. "బల్ల మీద ఉన్నంతసేపు ఎవరినీ దగ్గరికి రానివ్వదు, తనూ ఎవరి దగ్గరికీ పోదు. చచ్చినప్పుడు మాత్రం మనకి రెండు కార్డులు వస్తాయి." ఆ మాట చెప్పి రాసుకుంది: 'బతికున్నంతసేపు దండగ. చస్తేనే లాభం.'

"పాపం, బొమ్మ బాగుందిగా," అన్నాడు ఆయన, బల్లకింద దూరి రెండో సాక్సు వెతుక్కుంటూ.

"మీరు చూడను కూడా లేదు."

"చూడకపోతే మాత్రం? బాగానే ఉండుంటుంది."

ఆయన తూనికలు కొలతల ఆఫీసులో సెక్షను హెడ్డు. దుకాణాల కాటాలూ, తూకపు రాళ్ళూ పరీక్షించి సీసం సీలు వేసే ఆఫీసు అది. గ్రాము తేడా వస్తే దుకాణదారుడి కళ్ళనీళ్ళు చూసి కూడా కరగరు. అలాంటి ఆఫీసులో మూడు వారాలుగా సిబ్బందికి నిద్ర లేదు. పోస్టు ఒకటి తగ్గించమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరెలా పనిచేస్తున్నారో ఒక కాగితం మీద నిర్మొహమాటంగా రాసుకురమ్మని డైరెక్టరు ఈయనకి పురమాయించాడు. గడువు ఇవాళే. మూడు రోజులు జుట్టు పీక్కుని, ప్రతి పోస్టుకీ ఎదురుగా 'బాగా పనిచేస్తారు' అని రాసి, ఆయన ఆ కాగితాన్ని అదే బల్ల మీద పెట్టాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఫోన్ నంబరు తప్పు పడిందని ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన లెటర్‌హెడ్డు కాగితాలు ఆయన ఇంటికి కట్టలుగా తెచ్చాడు. అవి కూడా బాగున్నాయని. అప్పట్నుంచీ ఆ ఇంట్లో సరుకుల చీటీ అయినా, చాకలి చీటీ అయినా తూనికలు కొలతల శాఖ పేరు మీదే నడుస్తోంది. జంతువుల జాబితా కూడా. దాంతో ఆయన హడావుడిగా బల్ల మీదున్న రెండు కాగితాల్లో ఒకటి ఫైల్లో పెట్టుకుని, "కాఫీ బాగుంది" అని తాగని కాఫీని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

పదకొండున్నరకి ఇల్లాలు జాబితా కోసం చూస్తే 'బాగా పనిచేస్తారు' అన్న ముక్క పది వరసల్లో కనబడింది. ఆవిడ ఇంకా నోరు తెరవకముందే ఫోన్ మోగింది.

"ఏమే," అన్నాడు ఆయన గుసగుసగా, "నీ కాగితం నా ఫైల్లోకి వచ్చేసింది."

"తెలుస్తూనే ఉంది. ఎవరూ చూడకముందే తీసి జేబులో పెట్టుకోండి."

"చూశారు. డైరెక్టరుగారు మీటింగులో చదువుతున్నారు. పైకి."

"మరి మీరు చెప్పలేదా, మా ఆవిడదండీ అని?"

"చెబుదామనే లేచాను. ఈలోగా ఆయన నా భుజం తట్టి, ఇన్నేళ్ళకి నిజం రాశావయ్యా అన్నారు. పద్నాలుగేళ్ళలో ఆయన ఎవరి భుజమూ తట్టలేదు."

"తడితే?"

"బాగుంది," అన్నాడు.

"అయినా జంతువుల పేర్లు చదివితే మీవాళ్ళకేమిటండీ?"

ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "మా ఆఫీసులో అందరికీ జంతువుల పేర్లేనే," అన్నాడు. "వెనకాల అలాగే పిలుచుకుంటారు. నీకు చెబితే బాగుండదని చెప్పలేదు."

ఆవిడ ఆయన కాగితం మడిచి, కార్డుల పెట్టెతో సహా చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరింది. ఆఫీసు నాలుగు వీధుల అవతలే. కాగితం మార్చుకుని, అటునుంచటే పోటీకి వెళ్ళిపోవచ్చని ఆవిడ లెక్క. పావుగంట పనే కదా అనుకుంది.

ఆఫీసులో టీ విరామం నడుస్తోంది కానీ ఎవరూ టీ తాగడం లేదు. రికార్డుల గదిలో ముగ్గురు గుమాస్తాలున్నారు. ఒక ఫైలు అడిగితే నెల తిరిగాక తెస్తారని ఆఫీసంతా వాళ్ళని నత్తలంటారు. వాళ్ళలో పెద్దాయన బల్ల సొరుగు ఖాళీ చేస్తూ కళ్ళజోడు పెట్టె, దువ్వెన, గ్లాసు ఒక్కొక్కటే సంచిలో వేసుకుంటున్నాడు. ఆ పని కూడా నెల పట్టేలా ఉంది.

"వచ్చావా తల్లీ," అన్నాడు. "ఒక్క మాట చెప్పు. 'నత్తలు మూడున్నాయి, ఒకటి చాలు' అని రాశాడట మీ ఆయన. ఆ ఒకటీ ఎవరు?"

"అయ్యో, అది మీ గురించి కాదండీ. నత్త గురించి."

"నా గురించి కాదంటే నేను పోయేవాణ్ణనేగా?" అన్నాడు పెద్దాయన. మిగతా ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా ఒకే సీసాలో నీళ్ళు తాగిన మనుషులు.

ఇంతలో ఫిర్యాదుల కౌంటరావిడ వచ్చి పడింది. ఆవిడ కౌంటరుకి ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు దూరం నుంచే ఆవిడ మొహం చూసి, తమ కాటా బాగానే ఉందనుకుని వెనక్కి వెళ్ళిపోతారు.

"నేను చస్తే లాభమా?" అని నిలదీసింది. "ఎవరికమ్మా లాభం? మీ ఆయనకా, నీకా?"

"అది ముళ్ళపందండీ."

"నన్ను ముళ్ళపందంటారని నాకు తెలీదనుకున్నావా?"

"అది కాదండీ, ముళ్ళపంది చచ్చినప్పుడు మనకి రెండు వస్తాయి..."

"అంటే నా చోట ఇద్దరిని వేసుకుంటారా? అప్పుడే మాట్లాడేసుకున్నారా?"

నోరు విప్పినకొద్దీ తను ఇంకాస్త లోతుకి దిగిపోతున్నానని ఇల్లాలికి అర్థమైంది. వరండా చివర తనిఖీ అధికారి ఒకాయన కుర్చీలన్నీ తుడుస్తూ కనబడ్డాడు. ఆయనే గుడ్లగూబ. 'చూడడం తప్ప చేసేదేమీ లేదు' అన్న వాక్యం చెవిన పడినప్పట్నుంచి ఆయన ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడట. ఇప్పటికి రెండు కాటాలు విరగ్గొట్టాడు. మొత్తం మీద ఆ ఆఫీసులో ధైర్యంగా టీ తాగుతున్నది ఆవిడ భర్త ఒక్కడే. ఆయన్ని గొర్రె అంటారు, జాబితాలో గొర్రె లేదు.

"కాగితం తెచ్చావా?" అన్నాడు.

"తెచ్చాను. వెళ్ళి చెప్పండి నిజం."

"చెబుతాను. ఆయన మంచి ఊపు మీదున్నారు. అయిపోనీ."

"అయిపోయేలోగా వీళ్ళ కొంపలు మునుగుతాయండీ!"

గంట కొట్టారు. అందరితోపాటు ఆవిడ కూడా మీటింగు గదిలోకి వెళ్ళి గోడకానుకుని నిలబడింది. డైరెక్టరు కళ్ళజోడు సవరించుకుని, ఆరోగ్యం కుదుటపడిన మనిషిలా వెలిగిపోతూ కాగితం ఎత్తాడు.

"ఇది రిపోర్టంటే! అసలు పేర్లు రాయకుండా జంతువుల పేర్లు పెట్టడం, అదీ తెలివి. ఎవరికి తగిలేది వాళ్ళకి తగులుతుంది. ఇక చివరిది వినండి. 'ముసలి సింహం. ఖర్చు తొమ్మిది. ఇది దిగేసరికి సగం ఆట అయిపోతుంది. దిగాక గర్జన తప్ప పనేం లేదు. గర్జించినప్పుడు మనవాళ్ళే బెదిరిపోతారు. ఇన్నాళ్ళు ఎందుకు ఉంచుకున్నానో నాకే తెలీదు. తీసేయాలి.'" ఆయన పకపకా నవ్వాడు. "భలే రాశావయ్యా! ఎవరీ సింహం?"

తొమ్మిది మందీ ఒక్కసారిగా ఫ్యాను వైపు చూశారు. ఫ్యాను తిరగడం లేదు.

"అడిగేది మిమ్మల్నే. ఎవరంటే చెప్పరేం?"

ఇల్లాలు ముందుకొచ్చింది. "అది మా ఆయన రాసింది కాదండీ. నేను రాసింది. అది మీ ఆఫీసు గురించి కాదు, జంతువుల కార్డులాట గురించి. ఆయనకి ఇంత ఘాటుగా రాయడం చేతకాదండీ."

"మొగుణ్ణి వెనకేసుకు రావడం చూశాను కానీ, మరీ ఇలాగా?" అన్నాడు డైరెక్టరు. "చదువుకున్న ఇల్లాలివి, కార్డులాడతావా? ఏదీ ఆ సింహం?"

ఆవిడ సంచిలోంచి పెట్టె తీసి, సింహం కార్డు ఆయన చేతిలో పెట్టింది. జూలు నెరిసి, కళ్ళు సగం మూసుకుని, నోరు మాత్రం పూర్తిగా తెరిచిన సింహం. మూల మీద తొమ్మిది అంకె. డైరెక్టరు కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో వెలుగు కాస్త తగ్గింది.

"అయితే ఇది నిజంగా ఆటేనా? మరి వీళ్ళంతా పొద్దుట్నుంచీ ఎందుకు హడలిపోతున్నారు?"

"మాకు ఆ పేర్లే ఉన్నాయండి," అన్నాడు రికార్డుల పెద్దాయన. ఎలాగూ సంచి సర్దేసుకున్నాడు కాబట్టి ఆయనకి భయం పోయింది. "నేను నత్తనండి. ఆవిడ ముళ్ళపంది."

"ఓహో. మరి నాకూ ఉందా పేరు?"

"చేతిలో పట్టుకున్నారు కదండీ," అన్నాడు పెద్దాయన.

డైరెక్టరు మొహం ఎర్రబడి, ఆపైన నల్లబడి, ఉన్నట్టుండి గర్జన మొదలైంది. ఆట అయితే అయింది, పోస్టు మాత్రం తగ్గించక తప్పదు, ఇవాళ సాయంత్రంలోగా ఒకరు ఇంటికి పోవాల్సిందే, సంచి సర్దుకున్నవాళ్ళకి మరీ సుళువు అన్నాడు. పెద్దాయన దువ్వెన తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకి ఇంకో మూడేళ్ళ సర్వీసుంది, ఇంటి దగ్గర కాళ్ళు కదలని భార్య ఉంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఇల్లాలికి కూడా తెలుసు.

ఆవిడ ఏం చెయ్యాలో తోచక చేతిలోని భర్త కాగితం విప్పింది. ఇంటి దగ్గర సరిగ్గా చదవకుండానే మడిచేసిన కాగితమే అది. అలవాటు కొద్దీ, కార్డుల వరస చూసినట్టు పైనుంచి కిందికి లెక్కపెట్టింది. గదిలో తలలు కూడా లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టింది.

"ఏమండీ," అంది భర్తతో, "మీరు తొమ్మండుగురే కదా. ఈ పదో వరసలో 'సీసం కరిగించే ఉద్యోగి, బాగా పనిచేస్తారు' అని ఉంది. ఆయనేరీ?"

"ఆయన లేరే," అన్నాడు భర్త.

"పోయారా?"

"అసలు రాలేదు. ఆ పోస్టు ఎనిమిదేళ్ళుగా ఖాళీ. సీళ్ళు బయట తయారై వస్తున్నాయి కదా, సీసం ఎవరు కరిగిస్తారు?"

డైరెక్టరు గర్జన ఆపాడు. "ఖాళీ కుర్చీకి 'బాగా పనిచేస్తారు' అని రాశావా?"

"ఎవరితోనూ గొడవల్లేవు కదండీ," అన్నాడు భర్త నెమ్మదిగా.

"పై ఆఫీసువాళ్ళు ఏమని రాశారండీ?" అంది ఇల్లాలు. "మనిషిని తీసెయ్యమన్నారా, పోస్టుని తీసెయ్యమన్నారా?"

డైరెక్టరు ఫైల్లోంచి ఉత్తరం తీశాడు. మూడు వారాలుగా దాన్ని చేత్తో ఊపుతూ అందరినీ బెదిరించిన మనిషి ఇప్పుడు దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదుపుతూ, మొదట్నుంచీ చివరిదాకా చదివాడు. ఉత్తరంలో పట్టుమని రెండు వాక్యాలు లేవు. అయినా చాలాసేపు చదివాడు.

"పోస్టు," అన్నాడు. ఫిర్యాదుల కౌంటరావిడ కుర్చీలో కూలబడింది. పెద్దాయన సంచిలోంచి గ్లాసు బయటికి తీశాడు. డైరెక్టరు సింహం కార్డుని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని ఇల్లాలికి తిరిగి ఇచ్చి, గొంతు సవరించుకున్నాడు. అందరూ మళ్ళీ ఫ్యాను వైపు చూశారు.

"నేను ఉత్తరం సరిగ్గా చదవలేదు," అన్నాడు. "చదవకుండానే అందరి మీదా అరిచాను. తప్పు నాదే."

పోటీకి బయల్దేరుతూ ఇల్లాలు డైరెక్టరు ముందున్న తన జాబితా తీసుకుని, గోడకి ఆనించి, సింహం వరసలో 'తీసేయాలి' అన్న మాట కొట్టేసి, దానిపైన 'ఇంకో ఆట చూద్దాం' అని రాసుకుంది.