నారపన్న పథ్యం

పెద్దముడియం మండలంలోని మా ఊరు రక్తహీనతను జయించిందని ప్రకటించడానికి సంతోషిస్తున్నాం. ఈ ఘనత ఆరోగ్యశాఖది కాదు. మా ఫ్యాక్షన్‌ది.

మా నాయకుడు నారపన్నకు చక్కెర జబ్బు వచ్చింది. ప్రొద్దుటూరు డాక్టరు మెహరున్నీసా మాత్రలు సగం, తిండి సగం అని చెప్పి కొర్రన్నం, ఆకుకూర, గుడ్డు, పండు అని చీటీ రాసింది. అదే రోజు, అదే గదిలో, గొర్రెలు మేపే లక్ష్మయ్య భార్య రామసుబ్బమ్మకూ దాదాపు అదే రాసింది. ఆమెకు ఆరో నెల. ఒంట్లో రక్తం లేదు, ఇట్లాగే ఉంటే కాన్పు గండమని కూడా చెప్పింది.

"ఇది యాడిస్తారు తల్లీ, మందుల కిటికీ కాడనా?" అని అడిగింది రామసుబ్బమ్మ.

"ఈడ ఇయ్యరమ్మా. నువ్వే కొనుక్కోవాల."

"కొనుక్కునేదాన్నయితే నాకీ రోగమెందుకొస్తాది?"

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో జవాబు లేదు. అందుకని డాక్టరమ్మ గుడ్డు అన్న మాట కింద గట్టిగా ఒక గీత గీసింది.

నారపన్నకు కొనడం కష్టం కాదు, తినడం కష్టం. అవతలి వర్గం కొండన్న ఎందులో ఏం కలుపుతాడోనని ఆయన భయం. ముందు ఎవరైనా తిని చూడాలి. బాంబులకు ఎదురుపోయిన అనుచరులు చుక్కకూరను చూసి వెనక్కి తగ్గారు. ఒక్క లక్ష్మయ్య ముందుకొచ్చాడు. తిన్నాడు. చావలేదు. కానీ అతనికి శాస్త్రీయమైన అనుమానం వచ్చింది.

"అన్నా, కొన్ని ఇసాలు మొగోళ్లకు పారవంట. ఆడమనిషి గూడా తిని సూడాల. కడుపుతో ఉండేదయితే ఇంకా బిన్నా, తిన్న గడియకే తెలుస్తాది."

ఇంత విశ్వాసం చూసి నారపన్న కళ్లు తుడుచుకున్నాడు. రామసుబ్బమ్మను పిలిపించారు. తర్వాత నిదానంగా పనిచేసే విషాలకు ముసలివాళ్లను, వెంటనే పనిచేసే వాటికి పిల్లలను తీసుకున్నారు. ఒక గుడ్డు తిని ఇంకో గుడ్డుకు ఎవరు పూచీ పడతారు? రెండు గుడ్లూ ఒక కోడివి కావు గదా. పులివెందుల నుంచి వచ్చిన చీనీకాయల బస్తాలోనూ ఏ కాయ జాతకం దానిదే. పరీక్ష పూర్తయ్యేసరికి నారపన్న పళ్లెంలో కరివేపాకు మిగిలేది. ఆయన నిశ్చింతగా దాన్ని పక్కకు తీసి, తన కళ్లెదుట కోసిన పొట్టేలు మాంసం తినేవాడు.

ఊరి బుగ్గలు ఎర్రబడ్డాయి. నారపన్న చక్కెర ఇంకా పెరిగింది.

జమ్మలమడుగు సభలో ఆయన గర్జించాడు. "నాకోసం నా ప్రజలు కోడిగుడ్డుకు ఎదురు నిలిచినారు. ఇది త్యాగం. ఇది చరిత్ర." ఇది విని కొండన్నకు నిద్రపట్టలేదు. తన వీధిలో తనకూ అంతమంది త్యాగమూర్తులు కావాలన్నాడు. ఆ వీధి వాళ్లు అప్పటికే పస్తుండి సిద్ధంగా ఉన్నారు.

ఇంతలో పిడుగు పడింది. ఎన్నికలొచ్చాయి. పైవాళ్లు చెప్పగానే కొండన్న మా పార్టీలోకి వచ్చేశాడు. ఇద్దరూ వేదిక మీద కౌగిలించుకుని ఒకరి నోట్లో ఒకరు లడ్డు పెట్టుకున్నారు. శాంతి నెలకొంది. ఇక విషపరీక్ష అక్కర్లేదని మరుసటి రోజు రెండు వంటిళ్లూ ఊరికి మూతపడ్డాయి. రామసుబ్బమ్మకు ఎనిమిదో నెల. ఊరంతా శోకంలో మునిగింది.

ఆమె మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. కడుపు పట్టుకుని నారపన్న అరుగు దగ్గరికి పోయింది.

"అన్నా, కొండన్న శానా మంచోడైపోయినాడు."

"అయితే మంచిదే గదా."

"మంచిదే. నిన్న నేను కలిస్తే నీ ఒంట్లో ఎట్లుందని అడిగినాడు. ఏమేం తింటాండాడు, ఎవురు వండుతాండారు, అన్నీ అడిగినాడు పాపం."

నారపన్న నోట్లోని ముక్కను మెల్లగా బయటికి తీసి చేతిలో పెట్టుకున్నాడు. అదే సమయానికి ఊరికి అవతల, కొండన్న అరుగు మీద, లక్ష్మయ్య నారపన్న మంచితనాన్ని పొగుడుతున్నాడు.

తెల్లారేసరికి రెండిళ్లలోనూ గుడ్లు ఉడికాయి.

రామసుబ్బమ్మకు కాన్పు సుఖంగా అయింది. తల్లీ బిడ్డా క్షేమం. ఊరి ఆరోగ్యం దృష్ట్యా ఇద్దరు నాయకుల మధ్య అనుమానం చల్లారకుండా చూసే బాధ్యతను ఇంటికొకరం వంతుల వారీగా మోస్తున్నాం.

కక్షలు మానుకోండని మాకు బుద్ధి చెప్పడానికి పట్నాల నుంచి పెద్దలు వస్తున్నారని తెలిసింది. తప్పకుండా రండి. కూర్చుని వింటాం. వచ్చేటప్పుడు తలా ఒక గుడ్డు తీసుకురండి.