చైర్మన్ గారి తెల్లకోటు

"ఇగ నుంచి మన దవాఖానల డాక్టరు మీద, నర్సు మీద ఎవడు చెయ్యేసినా, ఆ చేతికి పట్టీ కట్టించుకోనీకి మళ్ల మన దవాఖానకే రావాలె" అని చైర్మన్ సుదర్శన్ గారు మైకులో చారిత్రక ప్రకటన చేశారు.

భూపాలపల్లి దిక్కున అదొక సర్కారు దవాఖాన. దవా సంగతెలా ఉన్నా, దవడలు వాయడానికి లోటులేని చోటు. సుదర్శన్ గారు దాని అభివృద్ధి కమిటీకి చైర్మన్. నేను బీపీ గోలీల కోసం పోయి, జనంలో ఇరుక్కుని బీపీ పెంచుకుంటున్నాను.

కిందటి వారం ఎవరో పేషెంటు తాలూకు మనుషులు నర్సు శారద చెంప వాయించారు. క్యాజువాలిటీ గుమ్మంలో గార్డు లేకపోతే డ్యూటీకి రానని ఆమె భీష్మించింది. దేవుడి మీద వేసిన భారం ఇక గార్డు మీద వేద్దామని, సర్కారు యాకయ్యను పంపింది. అతన్ని గుమ్మంలో నిలబెడితే అయిపోయేది. కానీ నిలబెట్టడంలో ఫొటో ఏముంటుంది? అందుకని మాక్ డ్రిల్ పెట్టారు. కార్యకర్తలు డాక్టరును కొట్టినట్టు నటించాలి. చైర్మన్ గారు చెయ్యి ఊపగానే యాకయ్య ఈల వేసి ఆపాలి.

డాక్టరు వేషానికి పోటీ లేకుండా చైర్మన్ గారే ఎన్నికయ్యారు. తెల్లకోటు, మాస్కు వేసుకుని, స్టెతస్కోపు మెడలో తగిలించుకుని, నటనకు మంచి స్కోపుందని మురిసిపోయారు. అసలు డాక్టరు ఆయన కండువా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

కొట్టాల్సిన కార్యకర్తలు ఇంకా ఇడ్లీల దగ్గరే ఉన్నారు. అంతలో రేగొండ నుంచి ఒక జీపెడు మనుషులు దిగారు. వాళ్లూ చైర్మన్ గారి మనుషులే. బండి జారి ఉపేందర్ కాలిగోరు ఊడితే తీసుకొచ్చారు. డ్రిల్ సంగతి వాళ్లకు తెలియదు.

"డాక్టర్ సాబ్, జల్ది చూడు. మేమెవల మనుషులమో ఎరుకేనా?" అన్నాడు వాళ్లలో ముందున్న ప్రకాశ్.

చైర్మన్ గారు పాత్రలో లీనమై, "లైన్ల నిలబడు బిడ్డా" అన్నారు.

కోటు వేసుకున్నాక కొట్టు తప్పుతుందా? ఒక్కటి పడింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

"అరేయ్, నేను సుదర్శన్ను రా."

"మా అన్న పేరు నీ నోటికెట్ల వచ్చిందిరా?"

మొదటి దెబ్బ ఉపేందర్ గోరు కోసం, రెండోది పార్టీ కోసం. నటన సహజంగా ఉందని విలేకరులు రాసుకున్నారు. చైర్మన్ గారి రెండు చేతులూ చెంపల మీదే ఉన్నందున, ఊపడానికి చెయ్యి ఖాళీ లేదు. యాకయ్య ఈల నోట్లో పెట్టుకుని క్రమశిక్షణతో ఎదురుచూశాడు.

అది నటన కాదని శారద ఒక్కతే పోల్చుకుంది. మధ్యలో దూరి, ప్రకాశ్‌ను వెనక్కి నెట్టి, డాక్టరు గారి మాస్కు లాగేసింది. ప్రకాశ్ అక్కడికక్కడే చైర్మన్ గారి కాళ్ల మీద పడ్డాడు.

వాచిన మూతితో చైర్మన్ గారు మైకు అందుకుని అందరికీ విప్పి చెప్పారు. వచ్చినవాళ్లు మనవాళ్లే, కొట్టింది నిజమే, తిన్నది తానే, డ్రిల్లు ఇంకా మొదలే కాలేదు.  ఇంత నొప్పి ఉంటుందని ఇవాళే తెలిసిందన్నారు, గార్డు లేకుండా డాక్టరు ఒక్క పూట కూడా బతకలేడన్నారు. శారద కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయితే సార్, యాకయ్యన్నను ఇప్పటి సంది గుమ్మంల ఉంచుతరా?"

"ఎట్ల కుదుర్తది చెల్లె? గార్డు వచ్చింది డాక్టరు కోసం. ఇయ్యాల తన్నులు తిన్న డాక్టరును నేనే గద."

ఆయన కోటు విప్పకుండానే కారెక్కారు. యాకయ్య ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. క్యాజువాలిటీలో ఎవరో, తమ పేషెంటును ఇంకా ఎవరూ చూడలేదని గొంతు పెంచుతున్నారు. శారద లోపలికి నడిచింది.