వలల షెడ్డులో ఒకటో నంబరు

ఆ ఆదివారం పొద్దున వాసవి వేసుకున్న పథకం చిన్నది. సాయంత్రం దానయ్య తాత వలల షెడ్డులో ఒక్క పాట పాడాలి, ఇరవై మందికి మించి వినకూడదు.

సముద్రం మధ్య దీవిలోని ఆస్టినాబాద్‌లో ఆ షెడ్డు ఇప్పుడు లేదు. అప్పట్లో నెలకో ఆదివారం దానయ్య వలలు పక్కకు నెట్టి, చాపలు పరిచి, హార్మోనియం ముందు కూర్చునేవాడు. జోగులు డప్పు అందుకునేవాడు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గరగా కూర్చునేవారు అందరూ. మూడేళ్ళుగా వలల కుప్ప వెనక నక్కి వింటున్న వాసవితో, "ఈపాలి నువ్వే పాడాల" అన్నాడు దానయ్య. తరగతిలో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల, ఇరవై మందికైతే సరేనంది.

లెక్క తప్పకూడదని నోటుబుక్కు కాగితం చింపి ఇరవై చీటీలకు నంబర్లు వేసింది. తను లేకపోతే పాటే లేదు కాబట్టి ఒకటో చీటీ తనే ఉంచుకుంది. మిగతావి ఎప్పుడూ వచ్చేవాళ్ళకు ఇమ్మని, పడవ మీద పనిచేసే శివాజీ చేతికిచ్చింది. వాళ్ళలో సగం మంది ఫీనిక్స్ బే జెట్టీలోనే దొరుకుతారు. శివాజీ అక్కడే పంచాడు. పక్కనే, దీవి నుంచి నెలకోసారి కదిలే విశాఖ ఓడ టికెట్ల లైను ఉంది.

ఓడ కోసం కాచుకున్నవాళ్ళకు నంబరు వేసిన చీటీ కనిపిస్తే అది టోకెనే. ఎక్కడ, ఎప్పుడని అడిగారు. "పాంచ్ బజే భయ్యా, ఆస్టినాబాద్ దానయ్య షెడ్డు కాడ" అని శివాజీ ఉన్నమాటే చెప్పి పడవెక్కేశాడు. చీటీ అందనివాళ్ళు అలవాటు ప్రకారం ఇరవై ఒకటి నుంచి తామే రాసుకున్నారు.

ఐదింటికి షెడ్డు ముందు తొంభై మూడు నంబర్లు, చేతుల్లో సంచులు, ఆధార్ జిరాక్సులు. వాసవి వలల వెనక్కి దూరింది. ఇక్కడున్నవి పాటలే, టికెట్లు కావని దానయ్య ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

"ఏటి దానయ్యా, టికెట్లు మీ ఓల్లకి దాసీసి మాకు పాటలినిపిత్తావేటి?" అంది తొంభై మూడో నంబరు ముసలమ్మ.

గొడవ ముదిరేలా ఉంది. ఎప్పుడూ పాటలకు వచ్చే పరంధామయ్య మాస్టారు తన రెండో నంబరు చీటీ పైకెత్తి, "వరస తప్పకూడదండీ. ముందు ఒకటో నంబరు పని కానివ్వండి" అన్నారు. ఆ మాటకు లైనంతా తలవంచింది. వలల వెనక చీటీతో సహా దొరికిన వాసవికి దారి వదిలారు.

కౌంటరు తెరుస్తారని ఎదురుచూసే జనమంత నిశ్శబ్దంగా ఇంకెవరూ ఉండరు. వాసవి కళ్ళు మూసుకుంది. వేటకు వెళ్ళినవాళ్ళ కోసం ఒడ్డున పాడుకునే పాట, దానయ్య నేర్పినదే, అందుకుంది. మొదటి చరణం ఒక్కర్తే పాడింది. రెండో చరణానికి వెనకనుంచి ఇంకో గొంతు కలిసింది, అది ముసలమ్మది. కళ్ళు తెరిచేసరికి అందరూ సంచుల మీదే కూర్చుని ఉన్నారు, ఓడెక్కకుండానే తమ ఒడ్డుకు వెళ్ళొచ్చినట్టు.

పాట అయింది. లైను ఒక్క గొంతుతో "రెండో నంబరు" అంది. పరంధామయ్య మాస్టారి మొహం పాలిపోయింది. కానీ వరస వరసే, పాడక తప్పలేదు. చీకటి పడేసరికి పదకొండో నంబరు దాకా వచ్చారు.

మరుసటి ఏడు షెడ్డు పడగొట్టి మేడ కట్టారు. అబర్డీన్ బజార్లో వాసవి ఎదురుపడితే ముసలమ్మ ఇప్పటికీ ఆధార్ కార్డు కవరులోంచి మడత చీటీ తీసి చూపిస్తుంది, తన వంతు ఇంకా రాలేదని.