కదలని కారులో కొత్త సౌండు

చిక్కడపల్లిలోని ఒకానొక గల్లీలో నివసించే రాఘవేందర్ గారి కారు పద్నాలుగు నెలలుగా కదలలేదు. ఇందులో కారు తప్పేమీ లేదు. ఇంజను నిక్షేపంగా ఉంది, టైర్లలో గాలి ఉంది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. కారు కదిలితే గేటు ముందున్న జాగా పోతుంది. ఆ గల్లీలో పోయిన జాగా ఎవరికీ తిరిగి వచ్చిన దాఖలా లేదు. ఎదురింటి దక్షిణామూర్తి గారు ఒకసారి మందుల కోసం నారాయణగూడ దాకా వెళ్లొచ్చేసరికి ఆయన చోట ఇంకెవరి కారో ముసుగు కప్పుకుని నిద్రపోతోంది. అప్పటి నుంచి ఆయన తన కారును విద్యానగర్‌లో చుట్టాలింటి ముందు పెట్టి, కారు కావలసినప్పుడల్లా అక్కడి దాకా ఆటోలో వెళుతున్నారు. ఈ ఏర్పాటును గల్లీ అంతా మెచ్చుకుంది.

కదలకపోయినా కారు కారే. రాఘవేందర్ ప్రతి ఆదివారం దాన్ని కడిగి, తుడిచి, లోపల కూర్చుని పాటలు వినేవాడు. ఇంట్లో ఒక గది భార్య మనోరమ సీరియళ్లకు, ఇంకో గది కూతురు ఉదయశ్రీ బ్యాంకు పరీక్ష చదువుకు పోగా, పాపం ఆయనకు మిగిలిన చోటు అదొక్కటే. కానీ ఆ పాత స్పీకర్లలో ఎవరు పాడినా జలుబు చేసినట్టే ఉండేది. అందుకని 2012 వేసవిలో ఆయన ఆధునికీకరణకు పూనుకున్నాడు.

నారాయణగూడ దుకాణంవాడు కారు తెమ్మన్నాడు. "కారెట్ల తెస్తనయ్యా? జాగా నీ అయ్య పట్టుకుంటడా?" అని రాఘవేందర్ వాణ్ణి మందలించి, స్పీకర్లనూ, యాంప్లిఫయర్‌నూ, చిన్న బీరువా అంత బేస్ పెట్టెనూ ఈదయ్య రిక్షా ట్రాలీలో ఇంటికి చేర్చాడు. ఈదయ్య గల్లీవాళ్లకు మంచినీళ్ల క్యాన్లు వేస్తాడు. గల్లీ మొదట్లో కరెంటు స్తంభం కింద అతని ట్రాలీ ఉంటుంది. ఆ గల్లీలో రోజూ కదిలే బండి అదొక్కటే. దాన్ని ఎవరూ బండిగా లెక్కించలేదు కాబట్టి దాని జాగా మీద ఎవరి కన్నూ పడలేదు.

సాంకేతిక సలహాదారుగా ఉమాకాంత్ నియమితుడయ్యాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ తొమ్మిదేళ్లుగా గ్రూప్స్‌కు తయారవుతున్నవాడు, తెలియని విషయమంటూ లేనివాడు.

"ఈ నీలం వైరు ఏడ కలపాలె తమ్మీ?" అని రాఘవేందర్ అడిగాడు.

"ఆప్షన్లు చెప్పుండ్రి అంకుల్."

"టేప్‌కు కలపాల్నా, లైట్లకు కలపాల్నా?"

"'రెండూ', 'పైవేవీ కావు' అని ఇంకో రెండు ఆప్షన్లు కూడ ఉంటయి గద. 'పైవేవీ కావు' ఎప్పుడో గాని రాదు. 'రెండూ' పెట్టుండ్రి, మైనస్ మార్కులు లేవు."

ఆనాటి నుంచి పాట మొదలైతే చాలు, హెడ్‌లైట్లు దరువుకు తగ్గట్టు వెలిగి ఆరసాగాయి. దీన్ని పొరపాటని ఎవరూ అనలేదు. రాంనగర్ నుంచి కూడా జనం చూడటానికి వచ్చారు. బేస్ పెట్టె పట్టడానికి వెనక సీటు ఊడదీయవలసి వచ్చింది. మనోరమ దాన్ని హాల్లో వేసి సోఫా అంది. ఇంజను స్టార్ట్ చేస్తే స్పీకర్లలో గుయ్యిమని రొద వస్తోందని తేలినప్పుడు, ఇంజనే అనవసరమని సలహాదారు తేల్చాడు. దాని వైర్లు కూడా పీకేశారు.

ప్రారంభోత్సవంలో దక్షిణామూర్తి గారు మాట్లాడారు. "కారంటే ప్రయాణమని భ్రమపడే రోజులు పోయాయండీ. రాఘవేందర్ గారు అనవసర భాగాలన్నీ తొలగించి, కారు అంతరాత్మను మనకు వినిపించారు." అందరూ చప్పట్లు కొట్టారు. బేస్ ధాటికి మనోరమ వంటింట్లో గిన్నెలు కూడా మోగాయి.

ఉదయశ్రీ పరీక్ష నాడే బంద్ వచ్చింది. వయసు లెక్కన ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశం. బస్సుల్లేవు, ఆటోల్లేవు, పరీక్ష మాత్రం వాయిదా పడలేదు. సెంటరు మలక్‌పేటలో. హాల్‌టికెట్ పట్టుకుని ఆమె కారు దగ్గర నిలబడింది.

"నాన్నా, జల్ది తియ్యి."

రాఘవేందర్ తాళం తిప్పాడు. హెడ్‌లైట్లు వెలిగాయి, శ్రావ్యంగా పాట వచ్చింది. కారు కదలలేదు. గల్లీలో ఇంకా పది కార్లున్నాయి. తలుపు తలుపూ కొట్టాడు. అందరూ ఎంతో బాధపడ్డారు. ఒకరు కారు ముసుగు సవరించి మరీ బాధపడ్డారు. "నా కారైతే సిద్ధమేనమ్మా, కానీ విద్యానగర్ దాకా ఆటో దొరకాలి కదా" అన్నారు దక్షిణామూర్తి గారు.

ఈదయ్య క్యాన్లు దించేశాడు. "కూసో బిడ్డా, నేను దింపుత" అన్నాడు. ఉదయశ్రీ ట్రాలీ ఎక్కి, పుస్తకం తెరిచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఈదయ్య చొక్కా పిండుకుంటూ తిరిగి వచ్చేసరికి కరెంటు స్తంభం కింద రాఘవేందర్ ఇంటి సోఫా వేసి ఉంది. దాని మీద రెండు ఇటుకలు, ఒక అట్టముక్క: 'ఉదయశ్రీ గారి కారుకు మాత్రమే'.

"గిదేంది సారూ?"

"నౌకరీ వస్తే బిడ్డ కారు కొంటది గద ఈదయ్యా. ఇప్పటిసంది జాగా పట్టుకోవాలె. అయినా బండి తీస్తే జాగా పోతదని నీకు తెల్వదా?"

గల్లీవాళ్లు ఆ ముందుచూపుకు ముచ్చటపడ్డారు. ఇది తనకెందుకు తట్టలేదా అని దక్షిణామూర్తి గారు నొచ్చుకున్నారు కూడా.

"మంచిదే సారూ" అన్నాడు ఈదయ్య. "మరి ఒంటిగంటకు పరీక్ష అయిపోతది. బిడ్డను ఎవరు తోల్కొస్తరు?"

రాఘవేందర్ అప్పటికే కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఆ మాట ఆయనకు వినబడలేదు. కొత్త సిస్టమ్ అంత బాగా కుదిరింది.