ఒక్క లైనులో దావత్

ఆదివారం బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర మేకపోతును కోసి, చుట్టాలకు అన్నం పెట్టాలి. అది కిష్టప్ప మొక్కు. గురువారం పొద్దున్నే నారాయణఖేడ్‌లోని తన ఇంటి ముందు కూర్చుని, చాయ్ తాగి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయబోతున్నాడు. కూతురు చందన చేయి చాపింది.

"ఫోన్ ఇటియ్యి నాయినా. అందరికీ ఒక్కసారే మెసేజ్ పంపుత."

డిగ్రీ పూర్తయిన చందన మూడు వారాలుగా ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. నాలుగు లైన్లలో తయారయ్యే లిస్టును ఒకే లైనులో కట్టేయడం నిన్నటి పాఠం. రాత్రికల్లా సరి సంఖ్యలు, వాటి వర్గాలు, పెరట్లో కోళ్ల రంగులు అన్నీ ఒక్కో లైనులో కట్టేసింది. ఇక మనుషులే మిగిలారు.

హైదరాబాద్‌లో పూర్తి కోర్సు చేస్తానని ఆమె పట్టు. ఎరువుల దుకాణంలో కూర్చోమని తండ్రి పట్టు.

"గీ పని సక్కగ చేస్తే హైదరాబాద్ పంపుత," అన్నాడు కిష్టప్ప ఫోన్ ఇస్తూ. "ఖరాబ్ చేసినవనుకో, రేపటి సంది దుకాణమే."

చందన ఫోన్‌ను తన ల్యాప్‌టాప్‌కు తగిలించింది. వేళ్లు ఆడాయి. ఫోన్‌లోని ఒక్కో పేరూ చూడు. అందులో మామ, బావ, అక్క, అన్న లాంటి వరుస ఉంటే తీసుకో. ఒక్క లైను! చుట్టాల లిస్టు తయారు. లిస్టులో ఎవరొచ్చారో పంపేముందు తెర మీద చూసుకోవాలన్న పాఠం వచ్చే వారం ఉంది. మీట నొక్కేసింది.

అరగంటలో లైన్‌మన్ సంగమేశ్ గుమ్మం ముందు బండి ఆపాడు. కిష్టప్ప అప్పటికే స్నానానికి వెళ్లాడు.

"చెల్లే, ఆదివారం ఇంటోళ్లను గూడ తీస్కరావాల్నా?"

"యాడికన్నా?"

"బోరంచకే. మీ నాయిన మెసేజ్ పెట్టిండు గదా. ఇన్నేండ్ల సంది గీ ఊర్ల స్తంభాలెక్కుతున్న. కరెంటు పోతెనే యాదికొస్త గని, దావత్‌కు పిల్చినోడు ఒక్కడు లేడు." కళ్లు తుడుచుకుంటూ బండి ఎక్కాడు.

మెసేజ్ పరాయివాళ్లకు పోయింది! ఎంతమందికి? ఆలోచించే సమయం లేదు. 'వరుస ఉంటే' అన్నచోట 'వరుస లేకుంటే' అని మార్చింది. వరుస లేనివాళ్లంటే పరాయివాళ్లే అనుకుంది; వాళ్లంతా మరో లైనులో వచ్చి పడ్డారు. వాళ్లందరికీ ఒకటే మెసేజ్: "దావత్ లేదు. ఎవరూ రావద్దు. కిష్టప్ప."

ఊపిరి పీల్చుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద ఒక ఊరి పేరు: 'సిర్గాపూర్'.

"ఏమ్రా కిష్టిగా!" ఆ గొంతు మేనత్త మణెమ్మది. "పిలువనన్న పిలువకపోతివి. రావద్దని రాస్తవా? నిన్ను సంకనేసుకోని తిరిగిన అక్కనురా నేను!"

మణెమ్మ ఫోన్ పెట్టేసింది. వెంటనే 'మనూర్' మోగింది. అది మేనమామ. తర్వాత 'కంగ్టి'. అది చిన్నాయన. అందరివీ అవే తిట్లు.

తడి తలతో పరుగెత్తుకొచ్చిన కిష్టప్పను చందన నిలదీసింది. "అక్కను అక్క అని రాస్కోవద్దా నాయినా?"

"సొంత అక్కను అక్కని రాస్కుంటరా ఎవరన్న? సిర్గాపూరంటే అక్కనే! పరాయోళ్లకే వరుస రాస్కోవాలె. ఫోన్ ఎత్తంగనే మామా, బావా అనకుంటే కరెంటొస్తదా? జేసీబొస్తదా?"

చందనకు అప్పుడు తెలిసింది. ఊళ్లో ఉన్న పరాయివాళ్లందరినీ పిలిచింది. చుట్టాలందరినీ రావద్దంది. ఒక్కరు కూడా తప్పిపోలేదు.

"ఆగు నాయినా, ఇంకో లైన్ రాస్త..."

కిష్టప్ప ల్యాప్‌టాప్ మూసి, దాని మీద కూర్చున్నాడు.

చుట్టాలకు తానే ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పిలిచినవాళ్లను వద్దనడానికి ధైర్యం చాల్లేదు. లైన్‌మన్‌ను దావత్‌కు రావద్దంటే దీపావళి దాకా ఇంట్లో దీపాలు ఉండవు.

ఆదివారం బోరంచకు లైన్‌మన్ వచ్చాడు, భార్యాపిల్లలతో. జేసీబీ డ్రైవర్, బోరు మెకానిక్, సర్వేయర్ వచ్చారు. మాంసం ముట్టని విత్తనాల సేట్ సిద్రామప్ప కూడా, పిలిచిన మర్యాద కోసం, ఇంటి నుంచి జొన్నరొట్టెలు కట్టించుకుని మరీ వచ్చాడు. మేకపోతు మాత్రం ఒక్కటే. వంటవాడు షోర్వాలో బిందెల కొద్దీ నీళ్లు పోస్తున్నాడు.

అంతలో రెండు ఆటోలు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాయి. ముందు మణెమ్మ దిగింది. వెనక చుట్టాలంతా దిగారు.

"దావత్ లేదంటివి, రావద్దంటివి. బోరంచ మొక్కు నాకెరుకలేదా? వచ్చిన. ఏం చేస్తవ్?"

మణెమ్మ ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. ఆమె చూపు విస్తరి ముందు కూర్చున్న సంగమేశ్ మీద పడింది.

"గీయన లైన్‌మన్ గాదూ? నా పొలం కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలి పంట ఎండుతుంది. ఎన్నిసార్లు పోయినా దొరుకతలేడు. కూసో బిడ్డా, కూసో. ఇంక బొక్కలెయ్యుండ్రి ఆయనకు!"

చేతిలో ఎముక, ఎదురుగా మణెమ్మ. సంగమేశ్ ఎటు లేస్తాడు? పొద్దున్నే వస్తానని పోచమ్మ ముందు మాటిచ్చాడు. మేనమామ సర్వేయర్‌ను పట్టుకున్నాడు. చిన్నాయన బోరు మెకానిక్ పక్కన జాగా చూసుకున్నాడు. షోర్వా నీళ్లలా ఉందని ఎవరూ అనలేదు.

పొద్దుగూకే వేళకు మణెమ్మ తమ్ముడి వీపు తట్టింది. "దిమాగున్నోడివిరా కిష్టిగా! మమ్మల్ని రావద్దని రోషం పుట్టించి, పనిజేసేటోళ్లను ముంగట కూసోబెట్టినవ్."

కిష్టప్ప మీసం సవరించుకున్నాడు. చందన మెల్లగా దగ్గరికి వచ్చింది.

"అయితే నాయినా... దుకాణమా, హైదరాబాదా?"

"హైదరాబాదే పో బిడ్డా," అన్నాడు కిష్టప్ప, ఫోన్‌ను లోపలి జేబులోకి తోస్తూ. "ఆడ మనకు చుట్టాలు తక్కువ."

ఆ మెసేజ్‌లు పంపింది ఎవరో రాత్రికల్లా అందరికీ తెలిసిపోయింది. సోమవారం ఆమె నిజంగా బస్సెక్కిందో లేదో చూసుకోవడానికి చుట్టాలంతా బస్టాండుకు వచ్చారు, పిలవకుండానే.