వ్యాసంలో నీళ్లు

ఒక్క రోజులో మూడు వందల మందిని ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వానికి రచయితలుగా తయారు చేస్తానని జలధార మండలి చైర్మన్ ఆదినారాయణ ప్రొద్దుటూరులో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించాడు. నీళ్లు సరఫరా చేయాల్సిన మండలి జ్ఞానం ఎందుకు సరఫరా చేస్తోందని విలేకరులెవరూ అడగలేదు. అప్పటికే భోజనాలు వడ్డించారు.

"ఇంటర్‌నెట్‌లో ఉండే ఆ పుస్తకంలో ఎవురైనా రాయొచ్చంట. ఎవురు రాసిందైనా దిద్దొచ్చంట. ఇంత ప్రజాస్వామ్యాన్ని ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టినారప్పా?" అని చైర్మన్ బాధపడ్డాడు.

పాఠం చెప్పడానికి జమ్మలమడుగు నుంచి హెలెన్ టీచరును పిలిపించారు. బడి వదిలాక చుట్టుపక్కల ఊళ్ల గురించి ఆమె ఆరేళ్లుగా అందులో రాస్తోంది. ముద్దనూరు రైల్వేస్టేషన్ వ్యాసం ఆమెదే. తోడుగా రాసేవాళ్లు జిల్లాలో ఇంకొక్కరు దొరికితే చాలనుకునే మనిషికి మూడు వందల మంది అన్నారు. సంతోషం పట్టలేక పద్దెనిమిది పేజీల పాఠం రాసుకుని బస్సెక్కింది.

శిబిరం రోజు కల్యాణ మండపం చైర్మన్ అనుచరులతో నిండిపోయింది.

"సొంత అభిప్రాయాలు రాయకూడదు. ఎక్కడో అచ్చయిన సంగతే రాయాలి. దాన్నే ఆధారం అంటారు" అని హెలెన్ మొదలుపెట్టింది.

"అచ్చేయించేది ఎంత పని!" అని చైర్మన్ వేదిక మీద నుంచే అందరికీ ధైర్యం చెప్పాడు.

మధ్యాహ్నానికల్లా రెండు వందల తొంభై తొమ్మిది మంది తమ ఫొటోలు ఎక్కించారు. మిగిలింది గుల్జార్‌బీ. నవజ్యోతి కాలనీలో బట్టలు కుట్టుకుంటూ బతికే ఆమెను, కుర్చీలు నిండాలని ఎవరో ఆటో ఎక్కించారు.

"టీచరమ్మా, మా కాలనీ గురించి ఎవురూ రాయల్యా. నేను రాయొచ్చునా?"

హెలెన్ ఆమె పక్కనే కూర్చుంది. కాలనీ ఎప్పుడు కట్టారో, ఎన్ని ఇళ్లో గుల్జార్‌బీ ఒక్క వేలితో ఫోన్‌లో కొట్టింది. చివర్లో 'నాలుగు రోజులకొకసారి నీళ్లు వస్తాయి' అని చేర్చింది.

"దీనికి ఆధారం కావాలమ్మా."

గుల్జార్‌బీ సంచిలోంచి జలధార మండలి అచ్చేయించి పంచిన నీళ్ల వంతుల కాగితం తీసింది. పైన చైర్మన్ ఫొటో కూడా ఉంది. హెలెన్‌కు ఆమెను కావలించుకోవాలనిపించింది.

అరగంటలో చైర్మన్ వేదిక దిగి వచ్చాడు.

"నాలుగు రోజులని ఎందుకు రాసినావమ్మా?"

"నాలుగు రోజులకే వస్తాండాయి గదన్నా."

"వచ్చేది యేరే, రాసేది యేరే. ఏం టీచరమ్మా, ఇదేనా నువ్వు నేర్పేది?"

"ఆధారం మీ మండలిదే సార్" అంది హెలెన్. వంతుల కాగితం ఆయన చేతిలో పెట్టింది.

చైర్మన్‌కు కోపం రాలేదు. నేర్చుకునే గుణం ఉన్న మనిషి. మర్నాడే ఒక పత్రికలో 'నవజ్యోతి కాలనీకి ఇరవై నాలుగు గంటలూ నీళ్లు' అని అరపేజీ ప్రకటన వేయించాడు. అది ఆధారంగా చూపి అనుచరులు గుల్జార్‌బీ వాక్యం మార్చేశారు. హెలెన్ మళ్లీ సరిదిద్దింది. వాళ్లు మళ్లీ మార్చారు.

ఇతరుల మార్పులను ఒకే రోజు మూడుసార్లకు మించి రద్దు చేస్తే శిక్ష అని శిబిరంలో ఆమే చెప్పింది. శిష్యులు వంతులు వేసుకుని మనిషికొక్కసారి రద్దు చేశారు. ఆమె ఒక్కతే నాలుగుసార్లు చేసింది. వాళ్లు ఫిర్యాదు పెట్టగానే విజ్ఞాన సర్వస్వం నిర్వాహకులు ఆమె ఖాతాను నెల రోజులు ఆపేశారు. కొత్తవాళ్లు నియమాలను ఇంత త్వరగా వంటబట్టించుకోవడం హెలెన్ ఎప్పుడూ చూడలేదు.

చైర్మన్ పులివెందులలో రెండో శిబిరం ప్రకటించాడు. ఈసారి వెయ్యి మంది.

ఆ వారం కాలనీకి ఏడు రోజులైనా నీళ్లు రాలేదు. గుల్జార్‌బీ అర్జీ రాసుకుంది. హెలెన్ సెలవు పెట్టి ఆమె వెంట మండలి ఆఫీసుకు వెళ్లింది. క్లర్కు సుధీర్ అర్జీ తీసుకుని, పది నిమిషాల్లో స్టాంపు వేసిన జవాబు ఇచ్చాడు.

'మీ కాలనీకి ఇరవై నాలుగు గంటలూ నీళ్లు వస్తున్నట్లు విజ్ఞాన సర్వస్వంలో ఉన్నది. కావున అర్జీ తిరస్కరించడమైనది. వ్యాసం ప్రతి జతపరచడమైనది.'

"దీంట్లో ఉండేది అబద్ధమప్పా!" అంది గుల్జార్‌బీ.

సుధీర్ కాగితాలు తిప్పి, అన్నిటికంటే కింద ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించాడు. 'ఈ వ్యాసాన్ని ప్రారంభించినవారు: గుల్జార్‌బీ.'

"అబద్ధమైతే నువ్వెందుకు రాసినావమ్మా?" అని మర్యాదగానే అడిగాడు.