ప్రస్థానం పెట్టిన సంచీ

డిసెంబరు మూడో తారీకు, మంగళవారం. ఆ ఉదయం జానకిరామయ్య మాస్టారి ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి, పక్కింట్లోంచి సంచీ తెచ్చుకోవాలి, రైలెక్కి నేపాలు దారి పట్టాలి. ముప్ఫై ఏళ్లుగా బెజవాడ పిల్లలకు నల్లబల్ల మీద ఉల్కాపాతం గీసి చూపించిన మనిషి, నిజం ఉల్కను ఒక్కదాన్నీ చూసిన పాపాన పోలేదు. ఈ ఊరి ఆకాశంలో రైలింజన్ల పొగా, దీపాల వెలుగూ తప్ప ఇంకేమీ కనబడవని ఆయన నమ్మకం. పోఖరా కొండల్లో కాంపౌండరుగా ఉన్న పాత స్నేహితుడు కృపానందం, "పదమూడు రాత్రికి ఇక్కడుండండి, చుక్కలు గుప్పిళ్లతో విసిరినట్టు రాలతాయి" అని రాశాడు. ఈసారి చూడకపోతే తన పేరు జానకిరామయ్యే కాదన్నాడు మాస్టారు.

సంచీ పక్కింట్లో ఎందుకుందంటే, మంగళవారం ఉత్తరానికి వారశూల, అటు ప్రయాణం కట్టకూడదు. అందుకని భార్య దుర్గాంబ సోమవారం మంచి గడియలోనే ప్రస్థానం పెట్టింది. సంచీ ముందుగా గడప దాటి మరొకరింట్లో ఉంటే, మనిషి కూడా బయల్దేరినట్టే లెక్క.

పక్కింటి శౌరమ్మ తలుపు తీసింది. "సంచీనా మాస్టారూ? రాత్రే బయల్దేరిందండి."

"ఎక్కడికి?"

"నేపాలుకండి. ప్రయాణం మొదలైపోయింది, వెనక్కి మాత్రం రానివ్వకు అని అక్కయ్యగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. చర్చికెళ్లేవాళ్లం, మీ పద్ధతులు మాకేం తెలుస్తాయి? మా ఆయన డ్యూటీకెళ్తూ తన రైలు బ్రేక్ వ్యానులో వేసుకెళ్లారు. అడ్రసు దానిమీదే ఉందిగా."

శౌరమ్మ భర్త మరియదాసు రైల్వే గార్డు, మాటిస్తే ప్రాణం పెట్టే రకం. మాస్టారి టిక్కెట్టు, డబ్బు, ఉన్నికోటు అన్నీ ఆ సంచీలోనే ఉన్నాయి.

మాస్టారు స్టేషనుకు పరుగెత్తి, సంచీ ఆపమని కాజీపేటకు కబురు పెట్టించాడు. జవాబొచ్చింది: "సంచీకి చీటీ కుట్టి ఉంది. ఏ పరిస్థితిలోనూ వెనక్కి పంపరాదట. నాగపూరు పంపించేశాం." నాగపూరుకు కబురు పెట్టించాడు. అక్కడివాళ్లు ఇంకా బాధ్యత తెలిసినవాళ్లు, ఝాన్సీ దాటించేశారు.

ఉసూరుమంటూ ఇంటికొస్తే దుర్గాంబ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. "ప్రస్థానం పెట్టాక, ప్రయాణం చెయ్యకుండా గడప తొక్కుతారా? మీరు ఊళ్లో లేనట్టే లెక్క."

"అక్కడికెళ్లడానికి టిక్కెట్టు లేదు, ఇక్కడికి రావడానికి వీల్లేదు. నన్నేం చెయ్యమంటావే?"

"నన్నడిగితే ఏం లాభం? మీరు ఊళ్లో లేరుగా."

తప్పు తనదేనని మరియదాసు తన డాబా మీద నవారు మంచం వేయించాడు. మాస్టారు పది రోజులు అక్కడే పడుకున్నాడు. దుర్గాంబ పూటపూటా పులిహోర పొట్లం కట్టి పంపేది. వచ్చే ఏడు నడిచైనా సరే నేపాలు వెళ్లి తీరతానని ఆయన పొట్లం విప్పినప్పుడల్లా శపథం పట్టేవాడు.

పదమూడో తారీకు అమావాస్య. రాత్రి పదింటికి ఊరంతా కరెంటు పోయింది. దోమల్ని తిట్టుకుంటూ వెల్లకిలా పడుకున్న మాస్టారి కళ్లెదుట ఒక చుక్క సర్రున జారింది. వెనకే ఇంకోటి. కాసేపటికి ఎటు చూడాలో తెలియలేదాయనకు. యాభై అయిదేళ్ల మనిషి సంతోషం పట్టలేక వెక్కివెక్కి ఏడ్చాడు. "దుర్గా, తొందరగా పైకి రావే" అని కేకేశాడు. ఊళ్లో లేని మొగుడి కేక విని దుర్గాంబ పరుగున వచ్చి మంచం మీద కూర్చుంది. తెల్లవారేదాకా దిగలేదు.

పొద్దున్నే ఆవిడ పంచాంగం మూసేసి, "చుక్కలు చూడటానికే కదా ప్రయాణం. చూశారు కాబట్టి వెళ్లొచ్చినట్టే లెక్క, కాళ్లు కడుక్కుని రండి" అంది.

వారం తిరిగాక కృపానందం ఉత్తరం వచ్చింది. "ఆ రాత్రి ఇక్కడ కళ్లు పొడుచుకున్నా కనబడనంత మంచు. మీరు రాకపోవడమే మంచిదైంది. పాపం, మీ సంచీయే అంత దూరం వచ్చి ఒక్క చుక్కనైనా చూడలేదు."